పడమటి పేట కొలతలు

ఆ ఏడాది మా పటంలో పడమటి పేట నది దాటి అవతలి ఒడ్డుకి పోయింది. నలభై ఏళ్లుగా నాన్న గీస్తున్న ఊరి పటంలో ఏ ఒక్క సందూ తన చోటు వదిలి కదిలింది లేదు. అలాంటిది ఒక పేటకి పేటే లేచి నీళ్ల మీదుగా నడిచిపోయిందంటే ఆ తప్పు నాది. నాది అంటే నా కాళ్లది.

ఊరు చూడడానికి వచ్చేవాళ్లకి అమ్మే మడత పటం మా ఇంటి పని. ఎండాకాలంలో కొలతలు, వానల్లో గీతలు, చలి మొదలై యాత్రికులు దిగేసరికి అచ్చు. నాన్న గీస్తాడు, అమ్మ వీధుల పేర్లు చీమ తలకాయంత అక్షరాలతో రాస్తుంది, నేను నడుస్తాను. ఆరేళ్ల కిందట నాన్న మోకాళ్లు మొరాయించాక ఆయన కాళ్లు నేనే.

మేం కొలిచేది అడుగులు వేసి. చక్రంతో కొలిచే పనిముట్టు ఒకటి తెచ్చి చూశాం. గతుకు రాళ్ల మీద అది కుందేలులా గెంతి ఒకే సందుకి మూడుసార్లు మూడు పొడుగులు చెప్పింది. ఫోను సంగతి అడగక్కర్లేదు. మేడలు రెండువైపుల నుంచీ వంగి ఆకాశాన్ని మూసేసిన సందుల్లోకి పోగానే దానికి మతి పోతుంది. "మనుషులు నడవడానికి కట్టిన ఊరురా ఇది, మనిషే నడిచి కొలవాలి" అనేవాడు నాన్న. పాత పటం చూసి గీయడం కూడా ఆయనకి గిట్టదు. పోయినేడాది పటం చూసి గీస్తే పోయినేటి ఊరిని అమ్మినట్టేనట. ఏటా మళ్లీ మొదటి సందు నుంచి నడవాల్సిందే.

నా అడుగు ఇరవై తొమ్మిది అంగుళాలు. ఆరేళ్లలో అర అంగుళం కూడా మారలేదు. "మావాడి అడుగు తూకపు రాయి" అని నాన్న అచ్చాఫీసులో గొప్పలు పోయేవాడట. నాలో ఆయన మెచ్చుకున్నది బహుశా అదొక్కటే. నాకు అది చాలు.

నేను గే అని నాకు పదిహేడో ఏట తెలిసింది. ఇంట్లో తెలియకుండా పదకొండేళ్లు నెట్టుకొచ్చాను. తెలిస్తే నాన్న కొడతాడనో గెంటేస్తాడనో కాదు నా భయం. ఆయన కసురుకోవడానికే బద్ధకించే మనిషి. సాయంత్రాలు బల్లకి అటు ఆయన, ఇటు నేను కూర్చుని, నేను అంకెలు చదువుతుంటే ఆయన గీసుకుపోతాడు చూశారా, ఆ చోటు పోతుందని భయం. "ఇంక నువ్వు నడవక్కర్లేదులే" అని ఒక్క మాట అంటాడేమోనని.

*

వేసవి మూడో వారంలో అతను మా ముందు గదిలోకి వచ్చాడు. పొట్టి మనిషి, భుజానికి సంచి, చేతిలో మా పటమే, మడతల దగ్గర చిరిగిపోయి.

"పటం చాలా బాగుందండీ. కానీ నాక్కావలసినవి ఇందులో లేవు" అన్నాడు.

నాన్న కళ్లజోడు పైనుంచి చూశాడు. తన పటంలో లేనిది ఊళ్లోనూ లేదని ఆయన నమ్మకం. "ఏం లేవు?"

"గైడ్‌బుక్కు రాస్తున్నానండీ, గే టూరిస్టుల కోసం. కోటలూ బురుజులూ అందరికీ ఒకటే. మాకు ఇంకో నాలుగు సంగతులు కావాలి. ఇద్దరు మగాళ్లు ఎక్కడ కూర్చుంటే ఎవరూ లేచి పొమ్మనరు, ఏ లాడ్జీలో ఒకే గది అడిగితే గుమస్తా తలెత్తి చూడడు, ఏ దారిలో చెయ్యి పట్టుకుని నడవొచ్చు. అవి గుర్తులు పెట్టి ఒక పటం గీసిస్తారేమోనని వచ్చాను."

అంత మాట, అంత మామూలుగా, సబ్బులు ఏ కొట్లో దొరుకుతాయని అడిగినట్టు అడిగాడు. నేను చటుక్కున లెక్కల పుస్తకంలో తల దూర్చేశాను. మూల కూర్చుని పేర్లు రాస్తున్న అమ్మ కలం ఆగింది.

నాన్న కోప్పడలేదు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మాది రాళ్ల పటం బాబూ. గోడలు, మెట్లు, గుమ్మాలు. మీరు అడిగేది మనుషుల సంగతి. మనుషులు ఇవాళ ఒకలా ఉంటారు, రేపు ఇంకోలా. కదిలేవాటిని నేను గియ్యను."

"కుదరదన్నవాళ్లు చాలామంది ఉన్నారండీ. మర్యాదగా కారణం చెప్పింది మాత్రం మీరే" అని నవ్వి, ఒక కొత్త పటం కొనుక్కుని వెళ్లిపోయాడు.

అతను గుమ్మం దాటాక నాన్న ఏమంటాడోనని చెవులు రిక్కించాను. అతని గురించి ఒక మాట, మంచో చెడో. నా బతుకు ఆ మాట మీద ఆధారపడి ఉన్నట్టు ఎదురుచూశాను.

"మడతల దగ్గర గుడ్డ అంటించాలిరా. చూశావా ఎలా చిరిగిపోయిందో" అన్నాడు నాన్న.

*

మర్నాడు తెల్లవారుతుండగా పడమటి పేటలో, కోట గోడ వెనక సందులో నాలుగు వందల పన్నెండో అడుగు దగ్గర ఉన్నాను. ఒక అరుగు మీద కూర్చుని అతను కనిపించాడు.

"నిన్న మీరు ఒక్క మాటా మాట్లాడలేదు" అన్నాడు.

"లెక్కలో ఉన్నానండీ."

"లెక్కల పుస్తకం తలకిందులుగా పట్టుకుని మరీ."

నాలుగు వందల పన్నెండు ఎటో ఎగిరిపోయింది. సందు మొదటికి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. తిట్టుకుంటూ వెనక్కి తిరిగాను, అతనూ తిరిగాడు. "మీ నాన్నగారు కదిలేవి గియ్యరు సరే. మీరు చూపించొచ్చుగా? నోరు మూసుకుని నడుస్తాను" అన్నాడు. నోరు మూసుకోవడం అన్నది అతనికి చేతకాదని రెండో సందుకే తెలిసిపోయింది.

ఆ వేసవిని తలుచుకుంటే నాకు ఎండ గుర్తు రాదు. తెల్లవారి అయిదింటి వెలుతురే గుర్తొస్తుంది. పాలలో నీళ్లు కలిసినట్టు పలచగా, ఏ వస్తువుకీ ఇంకా నీడ పడని వెలుతురు. మేడల మధ్య తీగల మీద నిన్నటి బట్టలు, కిటికీల్లోంచి ఎవరివో దగ్గులు, ఎక్కడో చేద బావిలో పడ్డ చప్పుడు. ఊరంతా సగం నిద్రలో ఉండేది. మేమిద్దరం ఆ నిద్రలో నడుస్తున్నట్టు ఉండేది.

నేను నా ఊరిని మొదటిసారి చూసింది అప్పుడే. అంతకుముందు కొలిచాను, అంతే. గడియారం బురుజుకి నూట అరవై మెట్లని నాకు తెలుసు. పైకి ఎక్కితే ఏం కనిపిస్తుందో తెలియదు. అతనికి వంతెన కింద కమాను ఎన్ని అడుగులో అక్కర్లేదు, అక్కడ గుసగుస పెడితే అవతలి చివర వినపడుతుందా లేదా కావాలి. వినపడుతుంది. అవతలి చివర నేను నిలబడి విన్నాను. ఏం విన్నానో ఇక్కడ రాయను, సిగ్గు.

అతని నోటుపుస్తకం లాక్కుని చదివేవాణ్ని. "గడియారం బురుజు: మెట్లు ఇరుకు, ఇద్దరు పక్కపక్కన ఎక్కలేరు. ఏడింటిలోపు పైన పావురాలు తప్ప ఎవరూ ఉండరు. గంట కొట్టేటప్పుడు ఏం చెప్పుకున్నా మూడో మనిషికి వినపడదు." ఇంకోచోట: "పాత్రల మ్యూజియం: మూడో గదిలో బెంచీ ఉంది, కాపలా మనిషి నిద్రపోతాడు. పాత్రలు కూడా పరవాలేదు."

"పరవాలేదా? వెయ్యేళ్ల నాటి పాత్రలవి" అన్నాను ఉడుక్కుని.

"నేను చూసింది బెంచీనే కదండీ."

వంద అడుగులకి ఒక గులకరాయి చొప్పున కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చడం నా పద్ధతి. రెండో వారంలో "ఆ రాళ్లు ఇటివ్వండి, నేను చూసుకుంటా" అన్నాడు. ఇచ్చాను. చేతులు ఖాళీ అయ్యాయి. ఖాళీ అయిన చెయ్యి మరో పది అడుగులకి అతని చేతిలో ఉంది. ఎవరు ముందు పట్టుకున్నారంటే అతను నన్నంటాడు, నేను అతన్నంటాను. నది మెట్ల దగ్గరికి వచ్చేసరికి "మీరు" కాస్తా "నువ్వు" అయిపోయింది.

నది మెట్ల గురించి మాత్రం అతను ఏమీ రాసుకోలేదు. "ఇక్కడికి జనం ఎందుకు రావాలి? ఇది నాది" అని పుస్తకం మూసేశాడు. నా కాళ్లు నేల మీద లేవు. లేని కాళ్లతో ఊరు కొలుస్తున్నానని నాకు తోచనే లేదు.

*

అయితే ఒకటుంది. సందులన్నీ చివరికి బజారులో తేలతాయి. ఆరున్నరకే ఇత్తడి బజారు తెరుస్తారు, ధాన్యం వీధిలో బళ్లు దిగుతాయి. సందు మలుపు దగ్గర మొదటి మనిషి కనపడగానే నేను చెయ్యి వదిలేసేవాణ్ని. వదిలేసి పది అడుగులు ముందుకి పోయేవాణ్ని, అతనెవరో నేనెవరో అన్నట్టు. రోజూ అంతే. అతను ఏమీ అనేవాడు కాదు కనుక పట్టించుకోలేదనుకున్నాను.

వేసవి చివర్లో ఒకరోజు మలుపు దగ్గర నా చెయ్యి వదలకుండా గట్టిగా పట్టుకున్నాడు.

"వదులు" అన్నాను.

"వదులుతా. ఒక్క మాట అడిగి. పుస్తకం మొదట్లో, నాకు ఊరు చూపించినవాళ్ల పేర్లు వేస్తాను. నీ పేరు వెయ్యనా?"

"వద్దు."

"ఎందుకని?"

"ఎందుకేమిటి, నీకు తెలీదా? మా నాన్న ఆ పుస్తకం కొనకపోవచ్చు, అచ్చాఫీసు వాళ్లు చదువుతారు. నీకేం, నువ్వు రైలెక్కి పోతావు."

"మా నాన్న నాతో మాట్లాడి ఏడేళ్లయింది. నాకేం, అనకు." అతని గొంతు పెరగలేదు, అదే నాకు కష్టంగా ఉంది. "సరే. 'ఒక మిత్రుడు' అని వేస్తా. ప్రతి ఊళ్లో నాకు ఒక మిత్రుడు ఉంటాడు. తెల్లారుజామున ఊరంతా చూపిస్తాడు. జనం రాగానే పది అడుగులు ముందుంటాడు. ఈ ఊరు పెద్దది కదా, ఇక్కడైనా తేడా ఉంటుందనుకున్నా."

చెయ్యి వదిలేశాడు. గులకరాళ్లు లెక్కపెట్టి నా అరచేతిలో పోశాడు, పంతొమ్మిది. శనివారం మధ్యాహ్నం రైలని చెప్పి లాడ్జీ వైపు వెళ్లిపోయాడు. నేను మొహం చెల్లక అక్కడే నిలబడ్డాను. తరవాత, సిగ్గులేని కాళ్లు కదా, ఇత్తడి బజారు కొలిచాను. సరిగ్గా కొలిచాను కూడా.

*

అదే వారం వానలు దిగాయి. సందుల్లో మోకాల్లోతు నీళ్లు. నాన్న పెద్ద కాగితం పరిచాడు. ఆయన ఎప్పుడూ ముందు నదిని గీసుకుని, నాలుగు పేటల్నీ నాలుగు వైపుల నుంచి తెచ్చి దాని ఒడ్డున నిలబెడతాడు. తూర్పు పేట వచ్చి కూర్చుంది. ఉత్తరం, దక్షిణం కూర్చున్నాయి. పడమర మాత్రం ఒడ్డు దగ్గర ఆగలేదు.

నాన్న మళ్లీ గీశాడు. మళ్లీ దాటింది. మూడు రోజులు గీశాడు, చెరిపాడు. కాగితం అక్కడ పలచబడి వెలుతురు దాటేలా అయింది. అమ్మ ఉండబట్టలేక "పోయినేటి అంకెలు వేసెయ్యరాదూ" అంటే, దొంగతనానికి రమ్మన్నట్టు చూశాడు. మూడో రోజు కాఫీ చల్లారిపోతున్నా ముట్టలేదు. వేళ్లు చాచి దీపం వెలుగులో చూసుకుంటూ "నా చెయ్యి పోయిందే. కళ్లు కూడా. ఈ ఏటితో ఆపేద్దాం" అన్నాడు అమ్మతో.

తప్పు ఎక్కడుందో నాకు రెండో రోజే తెలుసు. మిగతా మూడు పేటలూ నేనొక్కణ్నే కొలిచినవి, పడమటి పేట సందులే అతనితో కలిసి నడిచినవి. అంత పొట్టి మనిషి పక్కన చెయ్యి పట్టుకుని నడిస్తే ఎవడి అడుగైనా కురచవుతుంది. కురచైన అడుగుల్ని ఇరవై తొమ్మిది అంగుళాల చొప్పున గుణిస్తే పేట సాగక ఏమవుతుంది? తెలిసీ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాను. మా నాన్న తన చేతిని తాను అనుమానించుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. నా జీవితంలో నాకు నేను నచ్చని రోజులు చాలా ఉన్నాయి గాని, ఆ రెండు రోజులంత కాదు.

శుక్రవారం సాయంత్రం, అమ్మ దీపం పెట్టే వేళకి, నాన్న నన్ను బల్ల దగ్గరికి పిలిచాడు. ఎప్పుడూ తియ్యని పాత లెక్కల పుస్తకాలు అటక మీంచి దింపి ఉన్నాయి.

"గీయడానికి కాదు, సరిచూడ్డానికి దింపా" అని ముందే సంజాయిషీ చెప్పుకున్నాడు. "కూర్చో. ఇత్తడి బజారు, పోయినేడూ ఇప్పుడూ ఒకటే. ధాన్యం వీధి, ఒకటే. కోట గోడ వెనక సందు, ఇప్పుడు కొంచెం ఎక్కువ. కమాను దారి, ఎక్కువ. నది మెట్ల దారి, ఇంకా ఎక్కువ."

నేను పుస్తకంలో ఆయన వేలు ఆగిన అంకెనే చూస్తున్నాను.

"జనం ఉన్నచోట నీ అడుగు నీదేరా. జనం లేనిచోట కురచవుతోంది." పెన్సిలు మొన చూసుకుంటూ అన్నాడు, నా వైపు చూడలేదు. "పక్కన ఎవరో నడిచారు. పొట్టి మనిషి."

మూలనుంచి అమ్మ, తల ఎత్తకుండా, అక్షరం ఆపకుండా, "మొన్న వచ్చిన ఆ పుస్తకం అబ్బాయి మనవాడి భుజం దాకా ఉంటాడేమో" అంది.

పదకొండేళ్లుగా మనసులో వెయ్యిసార్లు చెప్పుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "అతనే నాన్నా" అన్నాను. "నేనూ అతనిలాంటి వాణ్నే." ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

నాన్న రబ్బరు పొడి మెల్లగా ఊదాడు. బల్ల మీద పొడి అంతా పోయాక కూడా ఊదుతూనే ఉన్నాడు.

"ఎన్నాళ్లుగా?"

"అతనితోనా? ఈ వేసవే."

"అది కాదు. జనం రాగానే పక్కన ఎవరూ లేనట్టు నడవడం."

"పదకొండేళ్లు."

నాన్న నది దాటిపోయిన గీతల మీద వేలు పెట్టి, "ఇద్దరూ కలిసి నడిచినప్పటి అడుగు ఎంతో కొలవాలి. ఆ కొలత వేస్తే తప్ప పేట ఇవతలికి రాదు. రేపు అతన్ని రమ్మను" అన్నాడు.

"రేపు వెళ్లిపోతున్నాడు నాన్నా. రైలు."

"ఎన్నింటికి?"

"పన్నెండింటికి."

"అయితే పదింటికి రమ్మను."

*

అతను పెట్టెతో సహా వచ్చాడు. నేను లాడ్జీకి వెళ్లి చెప్పింది నమ్మి వచ్చాడో, చివరిసారి చూసిపోదామని వచ్చాడో అప్పుడు అడగలేదు. అమ్మ పెట్టె అందుకుని లోపల పెట్టి, "టిఫిను తిన్నావా బాబూ?" అని అడిగింది. తినలేదంటే, "కొలత అవ్వగానే తిందువుగాని" అంది.

వాన తెరిపిచ్చింది. నాన్న కర్ర పట్టుకుని, టేపు భుజాన వేసుకుని, మమ్మల్ని దాటుకుంటూ గుమ్మం దిగాడు.

"వసారాలో కొలవొచ్చుగా నాన్నా" అన్నాను.

"వసారా ఇద్దరికి చాలదు."

శనివారం పదింటికి మా వీధి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఎదురుగా మంగలి దుకాణం, పక్కన దర్జీ, కూరల బండి, నీళ్ల కోసం నిలబడ్డ ఆడవాళ్లు. తడి రాళ్ల మీద సుద్ద పడదని నాన్న ఇనుప స్కేలు అడ్డంగా పెట్టాడు. "ఇక్కణ్నుంచి నలభై అడుగులు. మామూలుగా నడవండి."

నడిచాం. మధ్యలో మూరెడు ఎడంతో, ఒకే ఆఫీసులో పడని ఇద్దరు గుమస్తాల్లా. నలభయ్యో అడుగు దగ్గర ఆగాం. నాన్న దర్జీ చేత అవతలి కొస పట్టించి కొలిచాడు. నోటితోనే భాగించుకున్నాడు.

"ఇరవై తొమ్మిది." తల అడ్డంగా ఊపాడు. "ఇది నీ ఒక్కడి అడుగు. పక్కన మనిషి లేనట్టు నడిచావు. నాకు పనికిరాదు. నది మెట్ల దారిలో ఎలా నడిచారో అలా నడవండి."

మంగలి కత్తి గాల్లో ఆపి, సబ్బు మొహంతో ఉన్న మనిషిని వదిలేసి గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటి మేస్టారూ ఇది?"

"కొలత" అన్నాడు నాన్న. "నా పటంలో తప్పొచ్చింది. సరిచేసుకుంటున్నా."

కూరల బండి ఆగింది. అందరూ చూస్తున్నారు. అతను కూడా నన్నే చూస్తున్నాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని. చెయ్యి చాచలేదు. ఈసారి చాచాల్సింది నేనేనని ఇద్దరికీ తెలుసు. 

అప్పుడు నాన్న కర్ర పక్కన పెట్టాడు. మోకాలు వంచడానికి గోడ పట్టుకున్నాడు. ఆరేళ్లుగా మంచం దిగడానికే మూలిగే మనిషి, ఆ బురద రాళ్ల మీద రెండు మోకాళ్లూ ఆనించి కూర్చుని, టేపు కొసని స్కేలు అంచుకి ఆనించి బొటనవేలితో నొక్కి పట్టాడు. నొప్పికి మొహం ముడుచుకుపోయింది. మా వైపు చూసి, త్వరగా కానివ్వమన్నట్టు గడ్డం ఊపాడు.

నేను అతని జేబులోంచి చెయ్యి బయటికి తీసి పట్టుకున్నాను.

"పైకి లెక్కపెట్టు. నాకు వినపడాలి" అన్నాడు నాన్న.

వీధి మొత్తానికి వినపడేలా లెక్కపెడుతూ నడిచాను.